ఎంగిలి గ్యాసు

కాలేజీల్లో, యూనివర్సిటీల్లో నిర్వహణ విభాగాల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను పిలిచి, "సస్టెయినబిలిటీ గురించి నాలుగు మాటలు చెప్పండి మేడమ్" అంటుంటారు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఆ మాటే లేదు. కుళాయి కారితే వాషరు మార్చేవాళ్ళం. మనిషి లేని గదిలో ఫ్యాను తిరుగుతుంటే తిట్టుకుంటూ వెళ్ళి కట్టేసేవాళ్ళం. ఇప్పుడు దానికి పెద్ద పేరు పెట్టారు, సంతోషం. ఉపన్యాసాలు నాకు రావు గానీ, ఒక గ్యాసు ప్లాంటు చచ్చి బతికిన సంగతి చెప్తాను. పనికొచ్చేది ఉంటే పట్టుకెళ్ళండి, లేదంటే నవ్వుకుని వదిలేయండి.

మాది గోదావరి వైపు. నాన్నకి పోర్టులో ఉద్యోగం రావడంతో చిన్నప్పుడే విశాఖ వచ్చేశాం. నేను సివిల్ చదివి, ఊరికి ఎడంగా కొండవాలున ఉన్న ఒక యూనివర్సిటీలో చేరి, అక్కడే రిటైరయ్యాను. పేరెందుకులెండి, బతికున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఉద్యోగమంతా ఏం చేశావని మా మనవరాలు అడిగితే "చెమ్మ ఆపాను" అని చెప్తాను. నిజం కూడా అదే. ఇక్కడి ఉప్పుగాలికి శ్లాబులో ఇనుము పొంగి, పెచ్చులూడి, వానాకాలం వచ్చేసరికి ప్రతి హాస్టలూ ఏదో ఒక మూల కారుతుంది. ఒకచోట పూడిస్తే ఇంకోచోట కారేది. ఇది నేను కట్టింది అని వేలుపెట్టి చూపించుకోడానికి నాకంటూ ఏమీ లేకుండానే జుట్టు నెరిసిపోయింది.

అలాంటి నాకు చివరి సంవత్సరాల్లో ఒక బుద్ధి పుట్టింది. హాస్టల్ మెస్సులో పిల్లలు పారేసే అన్నం, కూరలు చూస్తే కడుపు తరుక్కుపోయేది. డ్రమ్ములకొద్దీ పోగై, మునిసిపాలిటీ లారీ వచ్చేదాకా కుక్కలు, కాకులు, ఈగలు. దాంతో గ్యాసు తయారుచేసి ఆ మెస్సులోనే పొయ్యి వెలిగిద్దామని పైవాళ్ళ వెంటపడ్డాను. మా ఎస్టేట్ ఆఫీసర్ కృష్ణా జిల్లా మనిషి, మంచివాడే గానీ ఏ పనికైనా ముందు "ఎందుకండీ మనకి" అనేవాడు. ఆయన్ని ఒప్పించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. చివరికి, "మెస్సు వెనక ఆ స్థలం కార్ల షెడ్డుకి అనుకున్నాం. సరే, ప్రయోగం కింద పెట్టండి. పనిచేయకపోతే మాత్రం పీకించేస్తాను" అన్నాడు.

సంగతి ఏమిటంటే, భూమిలో ఒక గుండ్రటి తొట్టి, దాని మీద బోర్లించిన పెద్ద ఇనుప డ్రమ్ము. తొట్టిలో నీళ్ళు కలిపిన మిగులు అన్నం పోస్తాం. లోపల కంటికి కనబడని జీవాలు దాన్ని తిని గ్యాసు వదులుతాయి. గ్యాసు నిండితే డ్రమ్ము పైకి లేస్తుంది, వాడితే దిగుతుంది. పొయ్యికి గొట్టం వేస్తే అయిపోయింది. ఇంతకు మించి మీకు అక్కర్లేదు.

ప్లాంటు సిద్ధమయ్యాక అసలు అడ్డంకి వంటగదిలో ఎదురైంది. మా హెడ్ కుక్ పద్మనాభం అనే ఊరి నుంచి రోజూ మొదటి బస్సుకి వచ్చేవాడు. చెయ్యి పెడితే సాంబారు అమృతమే. ఆయన గొట్టం వైపు చూసి గరిటె కింద పెట్టేశాడు.

"మేడంగారూ, తిట్టండి, కొట్టండి. పిల్లలు తిని ఒగ్గీసిన ఎంగిలి మెతుకుల గేసుతోటి నాను వంట సెయ్యను."

"మంటకి ఎంగిలేమిటయ్యా? అగ్నిహోత్రుడికి ఎంగిలి అంటుతుందా?" అన్నాను.

"అగ్గికి అంటదు మేడంగారూ. నాకంటుకుంతాది. పొద్దున్నే దేవుడికి ముందు గిన్నె పెడతాను. ఏ మొకం పెట్టుకుని పెట్టేది?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అయినా ఆ ముఖం చూస్తే అరవబుద్ధి కాలేదు. మొండితనం కాదది, భయం. మా అమ్మ కూడా అలాగే అనేది. రెండు రోజులు ఆలోచించి ఒక రాజీ కుదిర్చాను. దేవుడి గిన్నె ఒక్కటీ పాత సిలిండరు మీద. అది దిగాక మిగతా వంటకి ఈ గ్యాసు. ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని, "అలగైతే దేవుడు తినీసినాక మనం తిన్నట్టేలెండి" అని ఒప్పుకున్నాడు. నెల తిరిగేసరికి "మన ఎంగిలి గేసు మా సురుకు మేడంగారూ" అని ఆయనే వచ్చినవాళ్ళకి చూపించడం మొదలుపెట్టాడు. ఆ పేరు అలా స్థిరపడిపోయింది. ఆఫీసు కాగితాల్లో దానికి పొడుగాటి ఇంగ్లీషు పేరుండేది గానీ ఎవరూ పలకలేదు.

ప్లాంటు చూసుకోడానికి స్వీపింగ్ కాంట్రాక్టులోంచి ఒకామెను ఇచ్చారు. ఫిషింగ్ హార్బర్ దగ్గర పేటలో ఇల్లు. పెళ్ళయిన కొత్తలో తెల్లారకుండా లేచి వేలంపాటలో చేపలు కొని గంపతో అమ్మిన మనిషి. మెడ నరం పట్టేశాక గంప దించి చీపురు పట్టింది. కాంట్రాక్టు స్వీపర్ల బతుకు మీకు తెలిసిందే. కాంట్రాక్టరు మారినప్పుడల్లా సగం పేర్లు ఎగిరిపోతాయి. "రేపు రావక్కర్లేదు" అంటే అంతే. ప్లాంటు మీద మాత్రం ఆమె ఒక్కతే ఆపరేటర్. రేకుల నీడ, కూర్చోడానికి కుర్చీ, నడుముకి తాళంచెవి. ప్లాంటు ఉన్నంతకాలం ఆమె పని ఆమెదే.

ఆమె దాన్ని చూసుకున్నట్టు నేను నా పిల్లల్ని కూడా చూసుకోలేదు. నిమ్మతొక్కలు, పచ్చళ్ళు ఎక్కువ పడితే లోపల పులిసిపోయి గ్యాసు తగ్గుతుందని ఒక్కసారి చెప్పాను. ఇక హాస్టల్ పిల్లల పని అయిపోయింది. ప్లేట్లు కడిగేచోట నిలబడి, "ఓలమ్మా, నీకు కడుపునొప్పొస్తే నిమ్మతొక్కలు మింగుతావేటి? పక్కన పడీ!" అని అరిచేది. పీహెచ్‌డీ చేసేవాళ్ళు కూడా కిక్కురుమనకుండా తొక్కలు వేరే బకెట్టులో వేసేవాళ్ళు.

అలా సాఫీగా సాగిపోతుండగా, గ్రేడు ఇచ్చే కమిటీ వస్తోందని కబురొచ్చింది.

కమిటీ వస్తోందంటే మన సంస్థల్లో ఏమవుతుందో కొత్తవాళ్ళకి త్వరలోనే తెలుస్తుంది. కాలువగట్లకి సున్నం, చెట్ల మొదళ్ళకి జేగురు, దారిపొడుగునా అద్దె పూలకుండీలు. ఆ కుండీలు రాత్రికి వచ్చి మర్నాడు సాయంత్రానికి నర్సరీకి వెళ్ళిపోతాయి. వాటిలో ఒక క్రోటను మొక్క నాకంటే ఎక్కువ కమిటీలను చూసి ఉంటుంది. ఈసారి కమిటీకి చూపించే వాటిలో మొదటిది మా ప్లాంటు. ఎస్టేట్ ఆఫీసర్ అందరినీ నిలబెట్టి, "ఎక్కడా చెత్త కనపడకూడదు, ఎక్కడా వాసన రాకూడదు. ముఖ్యంగా మెస్సు వెనక" అని మరీ మరీ చెప్పాడు.

సోమవారం పొద్దున్నే నేను మెస్సు వెనక్కి వెళ్ళేసరికి ఆ స్థలం పెళ్ళివారిల్లులా ఉంది. మా ఆపరేటర్ నేల కడిగి ముగ్గు పెట్టింది. రేకుకి మామిడాకులు కట్టింది. కొత్త చీర కట్టుకుని ముఖం వెలిగిపోతూ నిలబడింది. గాలి పీల్చాను. ఫినాయిలు! ఆసుపత్రిలో అడుగుపెట్టినట్టుంది. డ్రమ్ము చూశాను. ఆ వేళకి మనిషి ఎత్తున లేచి ఉండాల్సింది అడుక్కి కూర్చుని ఉంది.

"ఏం పోశావే తల్లీ?" అన్నాను.

"ఫినాయిలు మేడమ్. శనివారం కొంత, నిన్న కొంత. బ్లీచింగు కూడా జల్లినాను. వాసన రాకూడదన్నారు కదా సారు. ఇంటికి సుట్టాలొత్తన్నారంటే కడగమా?"

"బయట కడిగావా, లోపల పోశావా?"

"లోపల్నుంచే కదా వాసనొచ్చేది! లోపలే పోసినాను."

"ఒక్క నిమ్మతొక్క పడితే పిల్లల్ని చంపుతావు కదే, ఫినాయిలు ఎలా పోశావు?" అన్నాను.

ఆమె నా వైపు అమాయకంగా చూసింది. "నిమ్మతొక్క తిండి కదా మేడమ్. ఇది తానం."

నేలమీది క్రిముల్ని చంపే ఫినాయిలు, ఆ డ్రమ్ము కింద మనకి గ్యాసు ఇచ్చే జీవాల్ని కూడా చంపుతుందని నెమ్మదిగా చెప్పాను. సగంలోనే ఆమెకి అర్థమైపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే ముగ్గు మీద కూలబడిపోయింది.

ఇంతలో ఆఫీసర్ వచ్చాడు. సంగతి విని రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. అంతలోనే తేరుకుని, "గొట్టం గోడవతల ఉంది కదండీ. అక్కడ ఒక సిలిండరు తగిలించెయ్యండి. వాళ్ళకి కావలసింది మంట. మంట చూసి వెళ్ళిపోతారు" అన్నాడు.

కుక్ నా ముఖం చూశాడు. నేను ఔననలేదు, కాదనలేదు. ఆయన నిట్టూర్చి వెళ్ళి సిలిండరు తగిలించాడు. కళ్ళు మూసుకుంటే పోయేదానికి రచ్చ ఎందుకని అందరం అనుకున్నాం. ఆ ప్లాంటు పీకేస్తే ఆమె గతేమిటన్నదొక్కటే అప్పుడు నా బుర్రలో తిరుగుతోంది.

కమిటీలో పెద్దాయన ఎక్కడో ఢిల్లీ వైపు స్థిరపడిన తెలుగువాడు. తెల్లగడ్డం, మెల్లని మాట. వెంట వచ్చిన ఇద్దరూ మామిడాకుల తోరణాన్ని ఫొటో తీసుకుంటుంటే ఆయన వంటగదిలోకి నడిచి పొయ్యి ముందు నిలబడ్డాడు. నీలంగా, నిండుగా మండుతోంది. మా గ్యాసు ఏనాడూ అంత నిగనిగలాడుతూ మండలేదు, అదొకటి. ఆయన ముచ్చటపడి, గుమ్మం పక్కన నక్కి నిలబడ్డ ఆమెను పిలిచాడు.

"దీన్ని చూసుకునేది నువ్వేనా అమ్మా? చాలా బాగా మండుతోంది నీ గ్యాసు."

మా ఆఫీసర్ నవ్వు తగిలించుకున్నాడు. ఆమె తల దించుకుంది. తర్వాత తలెత్తి చెప్పేసింది.

"అది నాది కాదు సారూ. ఎనక సిలిండరుంది. నాది సచ్చిపోనాది. నానే సంపీసినాను."

ఆఫీసర్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. నాకు మాత్రం, చెప్తే నమ్మండి, గుండెల మీంచి గ్యాసు బండ దించినట్టయింది. ముందుకొచ్చి జరిగిందంతా చెప్పాను. ఫినాయిలు, బ్లీచింగు, చుట్టాలు, ఏదీ దాచలేదు.

పెద్దాయన అక్కడున్న ప్లాస్టిక్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ముందు భుజాలు కదిలాయి. తర్వాత నవ్వు పొంగుకొచ్చింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "నన్ను చూసి నవ్వుకుంటున్నానమ్మా, నిన్ను చూసి కాదు. మేం వస్తున్నామని ఇన్నేళ్ళలో ఎన్ని చోట్ల ఎన్నెన్ని చంపేసుంటారో" అన్నాడు. నా వైపు తిరిగి, "మళ్ళీ బతుకుతుందా?" అని అడిగాడు.

"బతికిస్తాం" అన్నాను. ఎలాగో నాకే తెలియదు.

"సరే, బతికాక నాకు చెప్పండి." లేస్తూ ఆమె వైపు చూశాడు. "మళ్ళీ మాలాంటివాళ్ళు వస్తే ఏం చేస్తావమ్మా?"

"దాన్ని ముట్టుకోను సారూ. ఒచ్చినోళ్ళనే కడిగి లోనికి ఒగ్గుతాను."

కుక్ నవ్వు ఆపుకోలేక గరిటెతో సహా బయటికి పరుగెత్తాడు.

కమిటీ కార్లు గేటు దాటాక మా ఆఫీసర్ నవ్వలేదు. "పరువు తీసింది. దసరా సెలవులయ్యి హాస్టళ్ళు తెరిచేదాకా టైమిస్తున్నాను. ఆ పొద్దున మెస్సు పొయ్యి ఆ గ్యాసుతో వెలగాలి. లేకపోతే డ్రమ్ము తుక్కుకి, ఆవిడ ఇంటికి. స్వీపింగులో కూడా వద్దు" అన్నాడు. నేను గట్టిగానే వాదించాను. ఆమె అబద్ధం చెప్పి ఉంటే మీరు చప్పట్లు కొట్టేవారు కదా అని కూడా అన్నాను. ఆయన వినలేదు. ఆయన భయం ఆయనది, పైనుంచి ఎన్ని అక్షింతలు పడ్డాయో నాకూ తెలుసు.

కావలసింది బతికున్న జీవాలు. పేడ కంటే, పనిచేస్తున్న ఇంకో గ్యాసు తొట్టిలోని ముద్ద అయితే తొందరగా అందుకుంటుంది. అది ఎక్కడ దొరుకుతుందా అని నేను జుట్టు పీక్కుంటుంటే కుక్ వచ్చి, "మా బావకి గోబరు గేసుంది మేడంగారూ, పద్మనాభంలో. ఓ ఫోను కొడితే సాలు" అన్నాడు. ఎంగిలి అని గరిటె కింద పెట్టిన మనిషే.

ఫినాయిలు కలిసిన పాత ముద్దని తోటకి పొయ్యకుండా విడిగా గొయ్యి తీయించి చాలావరకు తోడేశాం. కుక్, ఆమె, నేను ట్రాలీ ఆటోలో డ్రమ్ములు వేసుకుని పద్మనాభం వెళ్ళి నింపుకుని బయల్దేరాం. ఆనందపురం జంక్షన్లో పోలీసాయన ఆపాడు.

"ఏటది డ్రమ్ముల్లో? మూత తియ్యి."

"వద్దు సార్, మా మాటినండి" అన్నాడు కుక్.

"తియ్యమంటన్నానా?"

తీశాడు. పోలీసాయన ముక్కు మూసుకుని వెనక్కి గంతేసి, "ఎల్లిపోండ్రా బాబూ, ఎల్లిపోండి! బేగి!" అని ఈల మీద ఈల వేసి మాకోసం ట్రాఫిక్ ఆపాడు. మంత్రిగారికి కూడా అంత తొందరగా దారి ఇచ్చి ఉండరు. ఆ కష్టంలో మేం ముగ్గురం దారంతా పకపకా నవ్వుకున్నాం.

ఆ తర్వాత ఎదురుచూడడమే. సెలవుల్లో హాస్టల్లో ఎవరూ లేరు కాబట్టి తిండి కూడా లేదు. ఆమె పేటలో ఇళ్ళంట తిరిగి గంజి, మిగిలిన అన్నం పోగుచేసి బస్సులో పట్టుకొచ్చేది. కండక్టరు గొడవపడితే వాడితోనూ గొడవపడేది. పండగ రోజు కూడా వచ్చింది. ఒకరోజు డ్రమ్ము జానెడు లేచిందని ఫోను చేస్తే పరుగెత్తుకెళ్ళాను. అగ్గిపుల్ల గీసింది. ఉఫ్‌మని ఆరిపోయింది. ఇంకోటి. అదీ అంతే.

"ఇంక రాదు మేడమ్. ఒగ్గీయండి" అని ఏడ్చింది. అంత ధైర్యమైన మనిషి, చిన్నపిల్లలా ఏడ్చింది. మొదట వచ్చే గ్యాసు మండదు, అది వదిలేస్తే తర్వాత మంచిది వస్తుందని పుస్తకంలో చదివిన మాట చెప్పాను. చెప్పాను గానీ, నాకూ లోపల బెంగగానే ఉంది. మరో రెండుసార్లు వదిలేశాం. రెండుసార్లూ మండలేదు.

హాస్టళ్ళు తెరిచిన పొద్దున వంటగదిలో ఇడ్లీ పాత్రలు వరసగా పెట్టి ఉన్నాయి. కుక్ దేవుడి గిన్నె దించేశాడు. ఆఫీసర్ చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన వెనక తుక్కు కొనే మనిషి కూడా ఉన్నాడు, నిజంగానే పిలిపించాడు! ఆమె చేతిలోని అగ్గిపెట్టె నేను అందుకోబోయాను. "నానే గీత్తాను" అంది.

గీసింది. ముందు పచ్చగా ఒక నాలుక లేచింది. టపటపమంది. పోయిందనుకున్నాను. తర్వాత చుట్టూ అల్లుకుని నీలంగా నిలబడింది. మందంగా, బొద్దుగా, మా గ్యాసు ఎప్పుడూ మండినట్టే మండింది. కుక్ ఇడ్లీ పాత్ర ఎత్తి దాని మీద పెట్టేశాడు, మళ్ళీ ఎవరూ మనసు మార్చుకోకుండా. నేను సిగ్గులేకుండా ఏడ్చాను. ఉద్యోగంలో అంత సంతోషం నాకు ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా కలగలేదు.

మొదటి వాయి దిగేదాకా ఆఫీసర్ కదల్లేదు. కుక్ ప్లేటులో పెట్టి ఇచ్చిన ఇడ్లీ నిలబడే తిన్నాడు. తుక్కు మనిషికీ రెండు పెట్టించి పంపేశాడు.

ఆమె నవ్వలేదు. చేతులు చీరకి తుడుచుకుని ఆయన ముందుకొచ్చి నిలబడింది.

"సారూ, మరి రేప్పొద్దున్న నాను రావచ్చా?"

ఆయన ఆమె వైపు చూశాడు, పొయ్యి వైపు చూశాడు.

"నువ్వు రాకపోతే దానికి తిండి ఎవరు పెడతారమ్మా?"

అవతల పిల్లలు తిన్న ప్లేట్లు అప్పుడే రావడం మొదలయ్యాయి. ఆమె బకెట్టు అందుకుని, "పక్కన పడీ, పచ్చడి పక్కన పడీ!" అని అరుచుకుంటూ అటు పరుగెత్తింది.